క్వార్టర్‌బ్యాక్‌కు దిష్టి

మా పక్కింటి అబ్బాయి వీధిలో నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూసేవాడు. ఎడమ భుజం మీదుగా, చటుక్కున, ఎవరో చొక్కా పట్టుకు లాగినట్టు. వెనక ఎవరూ ఉండేవారు కాదు. మళ్ళీ నాలుగడుగులు వేసి మళ్ళీ చూసేవాడు. దీన్ని కనిపెట్టింది నేను కాదు, మా అత్తగారు. నాకు పక్కింటివాళ్ళ నడకలు చూసే తీరిక ఎక్కడిది?

అది రెండువేల తొమ్మిది. మిడ్‌వెస్ట్‌లో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక కాలేజీ ఊళ్ళో నేను ఫిజికల్ థెరపిస్ట్‌గా చేసేదాన్ని. కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో దెబ్బలు తిన్నవాళ్ళ మోకాళ్ళూ చీలమండలూ బాగుచేయడం నా పని. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నుకునే ఆట కాదు, మనిషిని మనిషి గుద్దుకునే ఆట. మా ఇంటి నుంచి స్టేడియం కనిపించేది. మ్యాచ్ లేని రోజుల్లో అంత పెద్ద కట్టడం బోసిగా నిలబడి ఉంటే నాకు అటువైపు చూడబుద్ధయ్యేది కాదు. గాలి గట్టిగా వీస్తే ఖాళీ మెట్ల మీదుగా ఒక మూలుగు వచ్చేది. గాలేనని తెలుసు. తెలిసినా వంటింటి కిటికీ మూసేసేదాన్ని.

పక్కింటి అబ్బాయి ఆ టీమ్ క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి ముందు అతని చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో చూసి అతనే విసరాలి. అవతలి జట్టువాళ్ళు అతన్ని పడగొట్టడానికి మీదికి వస్తారు. వాళ్ళని ఆపడానికి అతని ముందు అయిదుగురు నిలబడతారు. ఒక్కొక్కడూ మూడు వందల పౌన్ల మనిషి. వాళ్ళని లైన్ అంటారు. ఆ లైన్‌లో ఎడమ చివరవాడు చాలా ముఖ్యం. ఎందుకంటే కుడిచేత్తో విసరడానికి తిరిగినప్పుడు క్వార్టర్‌బ్యాక్ వీపు ఎడమవైపుకి పడుతుంది. అటునుంచి ఎవరొచ్చినా అతనికి కనపడదు. ఆ ఎడమ చివరవాడూ ఇతనూ ఒకే ఇంట్లో, మా పక్కన, అద్దెకుండేవాళ్ళు. సాయంత్రాలు వరండాలో కూర్చుని గిన్నెడేసి పాలల్లో సీరియల్ అటుకులు వేసుకుని తినేవాళ్ళు.

కాలేజీలో అతనికి అదే ఆఖరి ఏడు. అతను కోరుకున్నది ఒక్కటే, నాతో నోరు విప్పి చెప్పాడు కూడా. సీజన్ చివరి ఆట అయ్యాక మైదానంలోంచి తన కాళ్ళ మీద తను నడిచి బయటికి రావాలి. తర్వాత ఎక్కడన్నా హైస్కూల్లో కోచ్‌గా చేరాలి. “గెలవడం సంగతేమిటి?” అని అడిగాను. “ముందు నడవనివ్వండి” అన్నాడు. ఇరవైరెండేళ్ళ కుర్రాడు అలా మాట్లాడితే నా మనసు చివుక్కుమంది.

ఎందుకన్నాడంటే, ఆ ఏడు లైన్ లైన్‌లా లేదు. సీజన్ మొదలవకముందే మధ్యవాడి చీలమండ విరిగింది. అతని పక్కవాడికి చెయ్యి విరిగి, కట్టుతోనే ఆడుతున్నాడు. మధ్యవాడి బదులు వచ్చినవాడికి ఎవరు ఎవర్ని ఆపాలో తెలిసేలోపు అవతలివాడు దాటిపోయేవాడు. గోడ కాదది, దడి. పశువొచ్చి ఒరుసుకున్నా పడిపోతుంది. ఇక ఎడమ చివరవాడి మోకాలు ప్రతి ఆదివారం కుండలా వాచేది. రెండు వారాలు ఆడించొద్దని చెప్పాను, రాసిచ్చాను, కోచ్ గదికి వెళ్ళి కూడా చెప్పాను. బదులుగా వచ్చేవాడు ఇంతకన్నా అధ్వానం అన్నారు. కుర్రాడు కూడా వినలేదు. “నేను లేకపోతే వాణ్ణి చంపేస్తారు” అన్నాడు, స్నేహితుణ్ణి తలుచుకుని.

ఊరికి ఇదేమీ పట్టలేదు. ఊళ్ళో ఏ మంగలి షాపుకెళ్ళినా, రేడియో పెట్టినా ఒకటే గోల. క్వార్టర్‌బ్యాక్‌ని మార్చండి. కొత్తగా ఒక పంతొమ్మిదేళ్ళ వాడొచ్చాడు. చెయ్యి ఫిరంగి అన్నారు, భవిష్యత్తంతా వాడిదే అన్నారు. ప్రాక్టీసులో చూడు ఎంత బాగా విసురుతున్నాడో అన్నారు. నాకు ఒళ్ళు మండేది. ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్‌లకి ఎర్ర జెర్సీ వేస్తారు. ఎర్ర జెర్సీ వేసుకున్నవాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకునేవాడే లేనప్పుడు ఎవడైనా హీరోయే. ఈ కోచ్ మహానుభావుడేమో టీవీ ముందుకొచ్చి, క్వార్టర్‌బ్యాక్ దగ్గర మంచి పోటీ ఉంది, లైన్ మెల్లగా కుదురుకుంటుంది అనేవాడు. కుదురుకునేదేమిటి నా మొహం, సగం లైన్ నా బల్ల మీద పడుకుని ఉంటే.

సెప్టెంబర్‌లో మా అత్తగారు ఆర్నెల్లుండటానికి తెనాలి దగ్గర్నుంచి వచ్చారు. మా వారు పక్క ఊళ్ళో ఇన్సూరెన్స్ కంపెనీలో పని, పొద్దున వెళితే చీకటిపడ్డాకే రాక. ఆవిడకి టీవీలో మన ఛానళ్ళు పెట్టించాం గానీ, ఆవిడ చూసింది తక్కువ. ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వీధిని చూసేవారు. ఆ వీధిలో చూడ్డానికి ఏముంది? ఉడతలు, పోస్టు బండి, ఆ కుర్రాడు.

ఒకరోజు నేను పనినుంచి రాగానే అడిగారు. “అమ్మాయ్, ఆ పిల్లాడి వెంట పడుతున్నది ఎవరే?”

“ఎవరూ పడట్లేదు అత్తయ్యా. ఆటలో దెబ్బలు తిని తిని అలా అలవాటైంది. ఒంటికి భయం పట్టుకుంటే అలాగే చేస్తుంది. దానికి మా దగ్గర పేరుంది.”

“పేరుంటే పోతుందా?” అన్నారావిడ.

నేను వెళ్ళి బియ్యం కడిగాను. మా అత్తగారితో వాదన పెట్టుకుంటే తెల్లారదు.

రెండు రోజులు పోయాక మళ్ళీ అన్నారు, ఈసారి గొంతు తగ్గించి. “ఇవాళ కనిపించాడే. అసురసంధ్య వేళ. వీడు ముందు నడుస్తున్నాడు, వాడు వెనక. వీడు తిరిగితే వాడు చెట్టు చాటుకి పోయాడు.”

“వాళ్ళింట్లో ఇంకో అబ్బాయి ఉన్నాడు కదా.”

“ఆ లావాటి పిల్లాడా? నాకు ఆమాత్రం తెలీదా? వీడు బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. అచ్చం ఆ పిల్లాడిలాగే.”

నాకు నవ్వు రావాలి, రాలేదు. ఎందుకంటే ఆ లావాటి కుర్రాడు ఆ సాయంత్రం నా దగ్గరే ఉన్నాడు, మోకాలి మీద ఐస్ పెట్టుకుని. ఆవిడ చెప్పిన వేళకి సరిగ్గా నేను అతని కాలు వంచి చూస్తున్నాను. ఆవిడ కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు, వెలుతురు తక్కువగా ఉంది, నీడని చూసి ఉంటారు అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుని వీధి తలుపు గడియ వేసొచ్చాను.

ఆ వారమే ఒక మోకాలి దెబ్బ ఎలా తగిలిందో చూడమని నన్ను వీడియో గదికి పిలిచారు. కోచ్‌లు చూసే వీడియోల్లో శబ్దం ఉండదు. పైనుంచి తీస్తారు, మనుషులు చీమల్లా కనిపిస్తారు. అంతమంది ఒకర్నొకరు గుద్దుకుంటున్నా చిన్న చప్పుడు కూడా వినపడదు. అది చూస్తుంటేనే నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. నేను చూడాల్సింది ఎవరి మోకాలో, నా కళ్ళు పోయింది క్వార్టర్‌బ్యాక్ మీదికి. బంతి చేతికొచ్చింది. ఆ ఒక్కసారికీ లైన్ బాగా ఆపింది, చుట్టూ ఖాళీ. అయినా అతను ఎడమకి తల తిప్పాడు, భుజం ముడుచుకున్నాడు, ఎవరో మీద పడుతున్నట్టు వంగి తప్పుకున్నాడు. బంతి ఎటో పోయింది. కోచ్ వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ తప్పుకున్నాడు. “అక్కడ ఎవరూ లేరు” అన్నాడు కోచ్, నవ్వుతూ. “వీడికి ఇంకొక్క ఆట ఇస్తాం. వెనక్కి చూడ్డం మానకపోతే కొత్తవాణ్ణి దింపుతాం.” ఆ మాట కుర్రాడికి కూడా చెప్పారని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి ఆ సంగతి మా అత్తగారితో అన్నాను. ఎందుకన్నానో. ఇంట్లో మాట్లాడ్డానికి ఇంకో మనిషి లేకపోతే అన్నీ నోటికొచ్చేస్తాయి. ఆవిడ చేతిలో పని పక్కన పెట్టారు.

“అంతమంది జనం ఒక్క పిల్లాడినే కళ్ళప్పగించి చూస్తుంటే దిష్టి తగలకేమవుతుంది? పిలు ఆ పిల్లాణ్ణి. తీసేద్దాం.”

“అత్తయ్యా, వాళ్ళకిలాంటివి తెలీవు. నేను పనిచేసే చోటు. నా పరువు తీయకండి.”

“నీ పరువుకేం ఢోకా లేదులే. పిలు.”

నేను పిలవలేదు. ఆవిడే పిలిచారు. బుధవారం సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే, కుర్రాడు మా ఇంటి ముందుగా పోతుంటే తలుపు తీసి, “బాబూ, కమ్ కమ్” అన్నారు. అతను వచ్చాడు. పెద్దవాళ్ళు పిలిస్తే వచ్చే పిల్లాడే. నేను వంటింట్లోంచి వచ్చేసరికి గుమ్మం ముందు తూర్పు మొహంగా నిలబెట్టేశారు. నేను సిగ్గుతో చచ్చిపోతూ, ఇది మా వైపు ఆచారం, చెడు చూపు పోవడానికి చేస్తారు, ఇష్టం లేకపోతే వెళ్ళిపో అన్నాను. అతను నవ్వలేదు. “మా లైన్‌లో ఒకడు గెలిచినంతకాలం లోచొక్కా ఉతకడు. ఇది దానికన్నా శుభ్రం కదా” అన్నాడు. తర్వాత మెల్లగా, “చేయమనండి. నేను మానాలి, లేకపోతే నన్ను తీసేస్తారు” అన్నాడు.

ఆవిడ గుప్పెట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని అతని తల దగ్గర్నుంచి కాళ్ళదాకా తిప్పారు. అతను ఆరడుగుల నాలుగంగుళాలు. ఆవిడ చెయ్యి తలదాకా అందక మెట్టెక్కి నిలబడ్డారు. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ మొదలుపెట్టి, స్టేడియం వైపు చెయ్యి చూపించి అక్కడివాళ్ళందరి దిష్టి అని కూడా కలిపారు. గుప్పెట అతని నోటి దగ్గర పెట్టి ఉమ్మమని సైగ చేస్తే, బుద్ధిగా మూడుసార్లు తుపుక్కుమన్నాడు. అప్పుడు భుజం పట్టుకుని వాళ్ళింటి వైపు తిప్పి, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పారు. “స్ట్రెయిట్ గో. బ్యాక్ నో సీ. నో సీ.” వేలు ఊపి మరీ చెప్పారు. అతను కోచ్ మాటకి ఊపినట్టు తల ఊపాడు. మెట్లు దిగాడు. మా పచ్చిక దాటి, వాళ్ళ పచ్చిక దాటి, ఒక్కసారి కూడా తిరక్కుండా లోపలికి వెళ్ళాడు. చాలా రోజుల తర్వాత అతను తిన్నగా నడవడం చూశాను. నా ప్రాణం కాస్త తేలికపడింది, ఒప్పుకుంటాను.

ఆవిడ వంటింట్లో మూకుడు ఎర్రగా కాల్చి ఉప్పూ మిరపకాయలూ అందులో వేశారు. మా ఇంట్లో పోపు వేస్తేనే పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగేది. నేను తువ్వాలు పట్టుకుని అలారం కింద సిద్ధంగా నిలబడ్డాను. ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు ముడుచుకుని నల్లగా బొగ్గయిపోయాయి. ఘాటు లేదు. ఒక్క దగ్గు రాలేదు. వాసనే లేదు, కాగితం కాల్చినట్టు కూడా లేదు. అలారం మోగలేదు. ఆవిడ నా వైపు చూశారు. దిష్టి ఎంత గట్టిదైతే మిరపకాయ అంత వాసన లేకుండా కాలుతుందని మనవాళ్ళు అంటారు కదా, ఆ మాట ఇద్దరికీ తెలుసు.

“పాత మిరపకాయలు” అన్నాను.

మర్నాడు అదే ప్యాకెట్లోంచి రెండు కాయలు పప్పులోకి పోపు వేస్తే ఇల్లంతా దగ్గి దగ్గి, అలారం మోగి మోగి, తలుపులన్నీ తెరవాల్సి వచ్చింది. మా అత్తగారు మాత్రం సంతోషపడ్డారు. పోయింది కదే, అన్నారు.

నిజంగానే పోయినట్టుంది. గురు, శుక్రవారాలు ఆవిడ కిటికీలోంచి చూసి నాకు చెబుతూనే ఉన్నారు, పిల్లాడు ఇవాళ తిరగలేదు, తిన్నగా నడిచాడు అని. ట్రైనింగ్ రూమ్‌లో, అంటే నేను కట్లు కట్టే గదిలో, కోచ్‌లదీ అదే మాట. ప్రాక్టీసులో తల కదపట్లేదు, రాయిలా నిలబడుతున్నాడు అన్నారు. వెనక ఏదో ట్రే కిందపడి భళ్ళుమంటే గదిలో అందరం తిరిగి చూశాం. అతను తిరగలేదు. బల్ల అంచు గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నాడా అనుకున్నాను. ఆలోపు ఎడమ చివరవాడు మోకాలికి పట్టీ వేయించుకోవడానికి వచ్చాడు, ఆ పనిలో పడ్డాను.

శనివారం స్టేడియం కింద ఉన్న గదిలో నా డ్యూటీ. పైన డెబ్భై వేలమంది కూర్చున్నారు. వాళ్ళ కేకలు కాంక్రీటులోంచి కిందికి వచ్చేవి, కాళ్ళకి తెలిసేవి. గోడకున్న చిన్న టీవీలో శబ్దం తీసేసి చూశాను. అలాంటి ఆట అతను అంతకుముందు ఆడలేదు. లైన్ ఎప్పటిలాగే చిందరవందరగా ఉంది, అయినా అతను కదల్లేదు. మీదికొస్తున్నా ఆఖరి క్షణం దాకా నిలబడి ముందుకే చూశాడు, విసిరాడు. విసిరినవి ఒకటి తర్వాత ఒకటి తనవాళ్ళకి అందాయి. అతన్ని తిట్టిన ఊరే పైన కాళ్ళు దబదబా కొడుతోంది. నా కళ్ళు చెమర్చాయి. మా అత్తగారు ఇంట్లో ఇదే చూస్తుంటారని గుర్తొచ్చి నవ్వుకున్నాను కూడా.

మూడో క్వార్టర్‌లో, అంటే ఆట సగం దాటాక, ఎడమ చివరవాడి మోకాలు లోపలికి మడత పడింది. టీవీలో నాకు స్పష్టంగా కనిపించింది. అతను ఒక కాలి మీద కూలుతూ చెయ్యి చాపాడు, అందలేదు. అవతలివాడు అతన్ని దాటి వస్తున్నాడు. తిరిగి చూడ్డానికి టైముంది. వారం క్రితమైతే ఈ కుర్రాడు ఎవరూ లేకపోయినా తిరిగేవాడు. ఇప్పుడు మనిషి వస్తున్నాడు, ఇతను తిరగలేదు. చెయ్యి ఎత్తి ముందుకే చూస్తున్నాడు. నేను ఖాళీ గదిలో టీవీతో, “తిరుగు నాయనా, తిరుగు” అన్నాను, తెలుగులో.

తర్వాత పైన చప్పుడు ఆగిపోయింది. డెబ్భై వేలమంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. పైన ఎవరూ లేరనిపించింది. ఆ ఖాళీ కట్టడం కింద నేను ఒక్కదాన్నే.

మెడ ఎముకలు రెండు విరిగాయి. ప్రాణానికి భయం లేదన్నారు, నడుస్తాడన్నారు, అదే అదృష్టమన్నారు. ఆపరేషన్ చేసి ఎముకల్ని ప్లేటుతో కలిపి బిగించారు. అతన్ని స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్ళారు.

మరుసటి శనివారం నుంచి కొత్త కుర్రాడు ఆడాడు. అదే లైన్ వెనక. ఇంకా బలహీనపడిన లైన్, ఎడమ చివరవాడు కూడా లేడు. ఊరు ఉత్సాహంగానే ఉంది. మా అత్తగారు టీవీలో ఆట చూడ్డం మానేశారు. కిటికీ మాత్రం మానలేదు. నవంబర్ చివర్లో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి వేలు చూపించారు. కొత్త కుర్రాడు సంచి భుజాన వేసుకుని అటువైపు ఫుట్‌పాత్ మీద పోతున్నాడు. ఆగాడు. ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడు. నాలుగడుగులు వేసి మళ్ళీ చూశాడు. ఈసారి పిలిచి దిష్టి తీస్తాననలేదు ఆవిడ. లేచి కర్టెన్ లాగేశారు. మిగిలిన నెలలు ఆ కుర్చీ వంటింట్లోనే ఉంది.

జనవరిలో పక్కింటి అబ్బాయి నా దగ్గరికి నడక నేర్చుకోవడానికి వచ్చాడు. మెడకి గట్టి పట్టీ. ఎడమ కాలు ఇంకా మాట వినట్లేదు. నడుముకి బెల్టు కట్టి, వెనకనుంచి నేను పట్టుకుని, అడుగులో అడుగు వేయించేదాన్ని. ఈ పనిలో మేం ఎప్పుడూ రోగి వెనకే నిలబడతాం. అతని మొహం నాకు కనపడదు, నా మొహం అతనికి కనపడదు.

ఆ రోజు గదిలో సగం దూరం నడిచి ఆగాడు. నొప్పా అని అడిగాను. కాదన్నాడు.

“ఆ రోజు వాడు రావడం నాకు వినపడింది” అన్నాడు. “అడుగులు విన్నాను. నా వెనక రోజూ వినపడే అడుగులు కావు. అవి వేరే. ఇవి నిజం మనిషివని తెలిసింది. తిరిగి తప్పుకునేంత టైముంది.”

“మరి?”

“గ్రాండ్‌మా చూడొద్దన్నారు కదా. బుధవారం నుంచి ఒక్కసారి కూడా చూడలేదు నేను. చాలా కష్టమైంది. పడుకుని కూడా పక్కకి తిరగలేదు. చూస్తే మళ్ళీ మొదటికొస్తుందనుకున్నాను.” ఇంకో అడుగు వేశాడు. “అప్పుడు అడగడం మర్చిపోయాను. అది ఎప్పటిదాకా?”

దిష్టి తీశాక వెనక్కి చూడకూడదని మనకెవరూ నేర్పరు, ఎప్పటిదాకానో కూడా ఎవరూ చెప్పరు. ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. మా అత్తగారికి అది చెప్పాల్సిన విషయమని తట్టనే లేదు, పక్కన నిలబడ్డ నాకూ తట్టలేదు.

అతను నా మొహం చూద్దామని తిరగబోయాడు. మెడ రాలేదు. భుజాలు మాత్రం కొంచెం కదిలి ఆగిపోయాయి. బెల్టు వదలకుండానే నేను చుట్టూ తిరిగి అతని ముందుకొచ్చి నిలబడ్డాను. అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ నిజమే చెప్పాను.

“మీ ఇంటి గుమ్మం లోపలికి వెళ్ళేదాకా” అన్నాను.



“అంతేనా?” అన్నాడు.